బ్యాటు తూకము, చేతి కొలత

ఒక ఆటవస్తువును గురించి వార్షిక సంచికలో వ్యాసము వ్రాయవలసిన అవసరమేమున్నదని మిత్రులు కొందరు నవ్వవచ్చును. కవితలు, కథలు, మహనీయుల జీవితచరిత్రలు రావలసిన పుటలలో బాల్ బ్యాడ్మింటన్ బ్యాటుకు చోటెందుకని మేమే మొదట సందేహించాము. కాని గడచిన రెండు సంవత్సరములలో మా జట్టులోని పదిమందిమి ఆ బ్యాటు మూలముగా ఒక పెద్ద పొరపాటు చేశాము. దాని వలన కళాశాల ధనము ఖర్చయినది. ఒక చిన్నవాని మనసు నొచ్చినది. ఆ పొరపాటును దిద్దుకొనే ప్రయత్నములో, చేతితో పట్టుకొని వాడే వస్తువును ఎట్లు పరీక్షించవలెనో కొంత నేర్చుకొన్నాము. ఆ రెంటిని దాచకుండ తోటి విద్యార్థుల ముందు, కళాశాల సంఘమువారి ముందు చెప్పుకొనుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మా ఆటను గురించి తెలియనివారికి ముందుగా నాలుగు మాటలు. బాల్ బ్యాడ్మింటన్ తంజావూరులో పుట్టినదనియు, 1856 ప్రాంతములో అక్కడి రాజకుటుంబమువారు ఆడేవారనియు చెబుతారు. ఈ ఆటకు అఖిల భారత సమాఖ్య 1954లో ఏర్పడినది. 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు గల ఆవరణలో ప్రక్కకు ఐదుగురు చొప్పున నిలిచి, పసుపుపచ్చని ఉన్ని బంతిని నేలను తాకకముందే వల మీదుగా తిప్పికొట్టవలెను. షటిల్ కాకు బరువు 5 గ్రాములకు అటునిటు ఉంటుంది. మా ఉన్ని బంతి 27 గ్రాములకు తక్కువ ఉండదు. కనుక చిన్న గాలికి అది చెదరిపోదు. పైకప్పు గల క్రీడామందిరము, చెక్క పరచిన నేల లేని కళాశాలలలో కూడ నాలుగు గీతలు గీసి, రెండు గుంజలు పాతి ఆడుకొనగలిగిన ఆట ఇది. మన తెలుగునాట ఊరూరా ఈ ఆట పాతుకొనుటకు ఇదే కారణమని మేము అనుకొంటాము. వరంగల్లుకు చెందిన జమ్మలమడక పిచ్చయ్యగారు 1970లో ఈ ఆటకే అర్జున పురస్కారము పొందారు. 1918లో పుట్టిన ఆయన నూరేళ్ళు నిండిన తరువాత 2021లో కన్నుమూశారు. ఆయన తరము ఆడినదంతా కట్టె బ్యాట్లతోనే. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకోవలెను. మేము మాత్రము రెండు సంవత్సరముల క్రిందట జ్ఞాపకముంచుకొనలేదు.

ఆ సంవత్సరము అంతర కళాశాలల పోటీలలో మా జట్టు రెండవ ఆటలోనే ఓడిపోయినది. తిరుగు ప్రయాణములో బస్సు కదిలినది మొదలు మన ఊరు చేరేదాక ఒక్కటే మాట. "ఈ కట్టె బ్యాట్లతో ఎవరు గెలుస్తారు?" ఎదుటి జట్టువారి చేతులలో నల్లగా నిగనిగలాడే గ్రాఫైటు బ్యాట్లున్నవి. మావి మాకన్న ముందు చదివి వెళ్ళినవారు విడిచిపోయినవి. వాటి పిడికి గుడ్డపట్టీ మీద గుడ్డపట్టీ చుట్టి ఉన్నది. చట్రము మీద రంగు పెచ్చులూడినది. ఒకదానికి సన్నని చీలిక కూడ ఉన్నది. ఓటమికి కారణము కనులయెదుటనే ఉండగా మరొక కారణమును వెదకవలెనన్న ఆలోచన మాకు రాలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నారని తెలుగువారి సామెత. మా ఉర్దూ శాఖ మిత్రులకు కూడ ఇదే భావముతో ఒక సామెత ఉన్నది. నాట్యము రానివాడు వాకిలి వంకర అన్నాడట. రెండు భాషలలోను ఈ సామెతను చిన్ననాటినుండి విన్నవారమైనను మాకు అది ఆ రోజున గుర్తు రాలేదు.

మేము విన్నపము వ్రాసి, పదిమందిమి సంతకములు చేసి, కళాశాల సంఘమువారికి సమర్పించుకొన్నాము. వారు మా మాటను మన్నించి ఆరు క్రొత్త బ్యాట్లకు సొమ్ము మంజూరు చేశారు. ఆ సొమ్ము ఎక్కడినుండి వచ్చినదో మాకు తరువాత తెలిసినది. వాచనాలయమునకు రెండు పంకాలు కొనవలెనని కేటాయించిన మొత్తమునుండి కొంత ఇటు మళ్ళించారు. ఏప్రిల్ నెల మధ్యాహ్నము మన వాచనాలయములో కూర్చొని పరీక్షలకు చదివినవారికి ఆ త్యాగము విలువ తెలియును.

పెద్ద నగరమునకు వెళ్ళి ఒక అంగడిలో గంటసేపు గడిపి బ్యాట్లు కొన్నాము. ఎట్లు ఎన్నుకొన్నామో ఇప్పుడు తలచుకొంటే సిగ్గు కలుగుతుంది. మొదట కంటితో చూశాము. నలుపు మీద ఎర్రని చారలున్నవి నచ్చినవి. తరువాత చేతితో ఎత్తి చూశాము; మా కట్టె బ్యాట్లకన్న తేలికగా ఉన్నవనిపించినది. ఆపైన గాలిలో నాలుగుసార్లు విసిరి చూశాము. బంతి లేదు, వల లేదు, ఎదుటివాడు లేడు. ఉత్త గాలిని కొట్టేటప్పుడు ఏ బ్యాటయినా బాగానే ఉంటుంది. చివరకు మా జట్టు నాయకుడు పట్టుకొని "ఇదే" అన్నాడు. అతడు ఐదడుగుల పదకొండు అంగుళముల పొడగరి, మణికట్టు బలమైనది, ఏడెనిమిదేళ్ళుగా ఆడుతున్నవాడు. అతని చేతికి నచ్చినది మనందరి చేతులకు నచ్చినట్లే అనుకొన్నాము. తీగల బిగువు ఎంత ఉండవలెనని అంగడివారు అడుగగా, పెద్ద ఆటగాళ్ళందరు బిగువుగా కట్టించుకొంటారని విన్నామని చెప్పి, ఆరింటికి ఒకే విధముగా బిగువైన గట్టింగు చేయించాము.

క్రొత్త బ్యాట్లు వచ్చిన వారము పండుగవలె గడిచినది. రెండవ వారమునుండి చిక్కులు మొదలయినవి. నాయకుడు కొట్టిన బంతి మునుపటికన్న వేగముగా, సూటిగా పోతున్నదనుటలో సందేహము లేదు. కాని వెనుక వరుసలో ఎడమప్రక్క ఆడే మొదటి సంవత్సరము విద్యార్థి కొట్టిన బంతి ఎదుటివారి వెనుక గీత దాక చేరుట మానినది. అదే పిల్లవాడు పాత కట్టె బ్యాటుతో బంతిని గీత మీద వాల్చిన రోజులు మేము చూచి ఉన్నాము. నెల తిరిగేసరికి అతని మోచేయి నొప్పి పెట్టినది. మేము ఏమన్నాము? "నీ చేతిలో బలము లేదు తమ్ముడూ, దండలు తీయి" అన్నాము. అతడు మారు పలుకలేదు. ఒక వారము వచ్చినాడు; తరువాత రావడము మానుకొన్నాడు. చదువు ఎక్కువయినదేమో అని మేము సరిపెట్టుకొన్నాము. ఆ ఏడు పోటీలలో మొదటి ఆటలోనే ఓడిపోయాము.

తిరుగు ప్రయాణములో ఈసారి ఎవరూ మాట్లాడలేదు. మా వ్యాయామ ఉపన్యాసకులు, అందరము పి.డి. గారని పిలుచుకొనేవారు, కిటికీ ప్రక్కన కూర్చొని చాలసేపటికి ఒక్క ప్రశ్న అడిగారు. "మరి ఈసారి దేన్నందాం?" ఆ ప్రశ్నకు మావద్ద సమాధానము లేదు. మరునాడు సాయంకాలము ఆయన ఒక నోటుపుస్తకము మా చేతిలో పెట్టి, "కొత్త బ్యాటును తిట్టవద్దు, పాత బ్యాటును పొగడవద్దు. నెల దినాలు రెంటినీ పరీక్ష చేసి ఇందులో రాయండి. తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. ఈ వ్యాసమునకు మూలము ఆ నోటుపుస్తకమే.

మొదటి పరీక్ష తూకము. నియమావళి ప్రకారము మా ఆట బ్యాటు బరువు 165 నుండి 185 గ్రాముల వరకు, పొడవు 63 నుండి 70 సెంటీమీటర్ల వరకు ఉండవలెను. ఈ హద్దులలోపలనే ఒక బ్యాటుకు మరొక బ్యాటుకు ఎంతో భేదమున్నదని మాకు అంతవరకు తెలియదు. మిత్రుని తండ్రిగారి బంగారు అంగడిలో త్రాసు మీద పెట్టి తూచాము. పాత కట్టె బ్యాటు 181 గ్రాములు. క్రొత్త గ్రాఫైటు బ్యాటు 170 గ్రాములు. అంగడిలో మా చేతులు అబద్ధము చెప్పలేదు, క్రొత్తది తేలికయే. మరి తేలిక బ్యాటుతో ఆడిన చిన్నవాని చేయి ఎందుకు అలసినది? ఈ చిక్కు విడుటకు పెన్సిలు ఒకటి చాలినది. బల్ల మీద పెన్సిలు ఉంచి, దానిమీద బ్యాటును అడ్డముగా నిలిపి, ఇరుప్రక్కలకు ఒరుగక నిలిచిన చోట సుద్దతో గురుతు పెట్టాము. కట్టె బ్యాటు పిడి చివరనుండి 32 సెంటీమీటర్ల వద్ద నిలిచినది. గ్రాఫైటు బ్యాటు 36 సెంటీమీటర్ల వద్ద నిలిచినది. భేదము రెండు వేళ్ళ వెడల్పు మాత్రమే. కాని ఆ రెండు వేళ్ళలోనే అంతా ఉన్నది.

మన ఇండ్లలో పిండి దంచే రోకలిని జ్ఞాపకము చేసుకొనండి. నడుమ పట్టుకొన్నప్పుడు అది సులభముగా ఆడుతుంది. అదే రోకలిని ఒక కొనను పట్టుకొని గాలిలో త్రిప్పిచూస్తే మణికట్టు తిరుగబడుతుంది. రోకలి బరువు పెరుగలేదు. బరువు చేతికి దూరమయినది, అంతే. వస్తువును త్రిప్పుటకు పడే శ్రమ, బరువు ఎంత ఉన్నదన్నదానిపైనను, ఆ బరువు చేతికి ఎంత దూరముగా ఉన్నదన్నదానిపైనను ఆధారపడుతుంది. అందులోను దూరము మాట గట్టిది. ఒక చిన్న బరువును రెట్టింపు దూరములో ఉంచితే త్రిప్పే శ్రమ నాలుగు రెట్లవుతుందని మన భౌతికశాస్త్ర తరగతిలోనే చెప్పారు. పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్న సూత్రమును బ్యాటు కొనేటప్పుడు జ్ఞాపకము తెచ్చుకొనలేదు. మా క్రొత్త బ్యాట్లు తల బరువు బ్యాట్లు. తల బరువు బ్యాటు విసిరే బలమున్నవాని చేతిలో సుత్తివలె పనిచేస్తుంది. ఆ బలము లేనివాడు బంతి వచ్చేసరికి దానిని త్రిప్పలేక ఆలస్యమవుతాడు. ఆలస్యమయినవాడు భుజముతో కొట్టవలసినది మోచేతితో లాగుతాడు. చిన్నవాని మోచేతి నొప్పికి ఇదియే కారణమై ఉండునని పి.డి. గారు చెప్పారు.

పాత బ్యాటుకు పిడివైపు బరువు ఎక్కడినుండి వచ్చినదని విప్పి చూడగా మరొక సంగతి బయటపడినది. పిడికి చుట్టిన గుడ్డపట్టీలు ఒకటి కాదు, నాలుగు పొరలు ఉన్నవి. మాకన్న ముందటివారు తమతమ చేతులకు అనుకూలముగా ఒకరి తరువాత ఒకరు చుట్టుకొంటూ పోయినారు. మేము చిరుగు బట్టలని నవ్విన ఆ పట్టీలే బ్యాటు తూకమును చేతికి దగ్గరగా తెచ్చినవి.

ఆ దినములలోనే మా జట్టులోని ఒకని అన్నగారు దుబాయినుండి సెలవు మీద వచ్చారు. అక్కడ ఇప్పుడు పడేల్ అనే ఆట బాగా వ్యాపించినదట. 1969లో మెక్సికో దేశపు అకపుల్కో పట్టణములో ఎన్రికే కోర్క్యూరా అనే ఆయన తన ఇంటి ఆవరణలో ఆరంభించిన ఆట అది. తరువాత స్పెయిన్, అర్జెంటీనా దేశములలో పెరిగినది. దాని బ్యాటుకు తీగలే ఉండవు. నురుగువంటి మెత్తని పదార్థమును నడుమ పెట్టి, ఇరుప్రక్కల గట్టి పొరలు అంటించి, రంధ్రములు చేస్తారు. 45.5 సెంటీమీటర్లకన్న పొడవు, 38 మిల్లీమీటర్లకన్న మందము ఉండరాదు. అన్నగారు చెప్పిన ఒక మాట మాకు ఉపకరించినది. ఆ ఆటలో గుండ్రని తల బ్యాటు, నీటిబొట్టు ఆకారపు బ్యాటు, వజ్రము ఆకారపు బ్యాటు అని మూడు తెగలున్నవట. వజ్రపు ఆకారములో బరువు పైకి పోతుంది గనుక దెబ్బకు జోరు ఎక్కువ. గుండ్రనిదానిలో బరువు చేతికి దగ్గరగా ఉంటుంది గనుక అదుపు ఎక్కువ. క్రొత్తగా నేర్చేవానికి మొదట గుండ్రనిదే ఇస్తారట. "మీరేమో చిన్నోడికి ముందే వజ్రం ఇచ్చినారు" అని ఆయన నవ్వారు. మాకు నవ్వు రాలేదు.

రెండవ పరీక్షకు సుద్దపొడి వాడాము. ఉన్ని బంతిని సుద్దపొడిలో దొర్లించి ఒక్కొక్కరి చేత కొట్టించి, తీగల మీద తెల్లని గురుతు ఎక్కడ పడినదో బొమ్మ గీచుకొన్నాము. ప్రతి బ్యాటుకు తలలో ఒక చోటు ఉంటుంది. బంతి అక్కడ తగిలితే చేతికి అదురు తెలియదు, శబ్దము నిండుగా ఉంటుంది, బంతి అనుకొన్నంత దూరము పోతుంది. ఆ చోటు దాటి తగిలితే పిడి చేతిలో మెలి తిరిగినట్లవుతుంది. మా నాయకుని గురుతులన్నీ నడుమ అరచేయంత చోటులో గుమిగూడినవి. తక్కినవారివి, ముఖ్యముగా చిన్నవారివి, తల నిండా చెదరి ఉన్నవి. దీని అర్థమేమిటి? నడుమ తగిలిన దెబ్బకు ఏ బ్యాటు ఎంత చక్కగా బదులు చెప్పినదన్నది నాయకునికి కావలసిన పరీక్ష. ప్రక్కన తగిలిన దెబ్బను ఏ బ్యాటు ఎంత ఓర్చుకొన్నదన్నది మాబోటివారికి కావలసిన పరీక్ష. మేము అంగడిలో మొదటిది కూడ చేయలేదు. రెండవది ఉన్నదనియే ఎరుగము.

మూడవది తీగల సంగతి. మన బజారులో ముప్పది ఏండ్లకు పైగా గట్టింగు చేస్తున్న తాత ఒకరున్నారు. క్రొత్త బ్యాట్లలో రెంటిని ఆయనవద్దకు తీసుకొనిపోయాము. వ్రేలితో తీగను మీటి, శబ్దము విని, "ఎవరి చేతికి కట్టించినారు నాయనా ఇది?" అని అడిగారు. అందరికీ అన్నాము. "అందరికీ అంటే ఎవరికి?" అన్నారు. బిగువు తీగలే జోరు ఇస్తాయి కదా తాతా అంటే ఆయన ఒప్పుకొనలేదు. ఆయన తన మాటలలో చెప్పినదానిని మేము తరువాత మా అధ్యాపకుల సహాయముతో ఇట్లు అర్థము చేసుకొన్నాము. దెబ్బ తగిలిన క్షణములో బంతి నలుగుతుంది, తీగలు సాగుతవి. సాగిన తీగలు తాము తీసుకొన్న శక్తిలో చాల భాగము తిరిగి ఇస్తవి. నలిగిన ఉన్ని బంతి తాను తీసుకొన్నదానిలో చాల భాగము పోగొట్టుకొంటుంది. తీగలు మరీ బిగువైతే అవి సాగవు, బంతి ఎక్కువ నలుగుతుంది. శక్తి నష్టమవుతుంది, అదురు చేతికి చేరుతుంది. కొంచెము వదులైతే తీగలు సాగి బంతిని విసరివేస్తవి. కాని బంతి ఏ దిక్కుకు పోవునన్న అదుపు తగ్గుతుంది. నాయకునికి జోరు తన చేతిలోనే ఉన్నది, కావలసినది అదుపు. అతనికి బిగువు తగును. చిన్నవారికి జోరు తీగలనుండి రావలెను. వారికి వదులు తగును. తాత రెండు బ్యాట్లను వదులుగా కట్టి ఇచ్చారు. అయిన ఖర్చు క్రొత్త బ్యాటు వెలముందు చాల స్వల్పము. ఆ సాయంకాలమే మా జట్టులోని పొట్టివాడొకడు కొట్టిన బంతి వెనుక గీత దాటి అవతల పడినది. అతడు బంతిని కాక బ్యాటును చూచుకొన్న తీరు మేము మరువలేము.

అప్పుడు మాకు మాటమాత్రము పలుకక వెళ్ళిపోయిన చిన్నవాడు గుర్తుకు వచ్చాడు. ఆ రెండవ బ్యాటు తీసుకొని నలుగురము వాళ్ళింటికి వెళ్ళాము. అతని తండ్రిగారు దర్జీ. వాకిట్లోనే మిషను వేసుకొని కుడుతున్నారు. మమ్ములను చూచి పిల్లవాడు లోపలికి వెళ్ళిపోయినాడు. వచ్చిన పని చెప్పాము. "చాచా, తప్పు వాడిది కాదు, మాది. ఈ బ్యాటుతో ఒకసారి ఆడి చూడమనండి" అన్నాము. ఆయన మిషను ఆపి, బ్యాటు చేతిలోకి తీసుకొని, పిడి చుట్టూ వ్రేళ్ళు మూసి చూశారు. తరువాత కొడుకును పిలిచి అతని వ్రేళ్ళు పిడి చుట్టూ మూయించారు. వ్రేళ్ళ కొసలు అరచేతి మెత్తను అందుకొనలేక దూరముగా ఉండిపోయినవి. "బేటా, కొనేటప్పుడు వీడి చెయ్యి చూసినారా?" అని అడిగారు. చూడలేదన్నాము. "మా దుకాణంలో కూడా అప్పుడప్పుడు అడుగుతారు, అందరికీ సరిపోయే కొలత ఒకటి చెప్పు చాచా అని. అందరికీ ఒకే కొలత అంటే అది ఎవరి కొలతా కాదు బేటా." ఆ మాటలో కోపము లేదు. కోపము ఉన్నట్లయితే మాకు అంత బాధ ఉండేది కాదు. ఆయన తమ గజము పట్టీతో కొడుకు చేయి కొలిచి, పిడి మందము ఎంత ఉండవలెనో చెప్పారు. అంగడివారు చుట్టి ఇచ్చిన మందపు పట్టీ తీసివేసి, పలుచని పట్టీ ఒకటి తామే చుట్టి ఇచ్చారు. పట్టుకొన్నప్పుడు వ్రేళ్ళ కొసలకు, అరచేతికి నడుమ ఒక వ్రేలు పట్టేంత సందు మాత్రము మిగిలినది. ఆటగాళ్ళు పిడి మందము చూచుకొనే పద్ధతి కూడ ఇదేనని పి.డి. గారు తరువాత చెప్పారు.

పిల్లవాడు మరునాడు ఆటకు వచ్చాడు. మొదటి పావుగంట వల దగ్గర నిలిచి మెల్లగా కొట్టాడు. తరువాత వెనుకకు వెళ్ళాడు. "ఇప్పుడు చేయి నొస్తున్నదా తమ్ముడూ?" అని నాయకుడు అడిగితే, "లేదన్నా" అని మాత్రము అన్నాడు. నాయకుడు అందరి ముందు అతనిని క్షమాపణ కోరాడు. ఇది నోటుపుస్తకములో వ్రాయలేదు. ఇక్కడ వ్రాయుట న్యాయమనిపించినది.

నాలుగవ పరీక్షను పి.డి. గారే సూచించారు. ఏ బ్యాటయినను ఆట మొదట్లో బాగుంటుంది. గంట ఆడిన తరువాత, చెమట పట్టి పిడి జారుతున్నప్పుడు, అప్పుడు దానిని చేతిలోకి తీసుకొని తీర్పు చెప్పండి అన్నారు. మన ప్రాంతపు ఎండలో ఆ పరీక్ష చాల కఠినము. అంగడిలో మురిపించిన నునుపు పట్టీ చెమటకు జారినది. పాత గుడ్డపట్టీ చెమటను పీల్చుకొన్నది. తేలిక అని మెచ్చుకొన్న తల బరువు బ్యాటు గంట దాటిన తరువాత ఇంకా బరువయినది. మేము ప్రతి దినము ఆట చివర పది నిముషములు మాత్రమే లెక్కలోకి తీసుకొని వ్రాసుకొన్నాము.

ఇంతవరకు చదివినవారు, కట్టె బ్యాటే గొప్పదని మేము చెప్పబోతున్నామని అనుకోవచ్చును. అట్లు కాదు. కట్టెకు కట్టె దోషములున్నవి. వానకాలపు చెమ్మకు చట్రము వంకర పోతుంది. అందుకే పూర్వము కట్టె బ్యాట్లను మరలు గల చట్రములలో బిగించి ఉంచేవారు. చీలిక పుట్టినది ఎప్పుడు విరుగునో తెలియదు. 1947 విభజన సమయములో సియాల్‌కోటునుండి వచ్చిన పనివారు జలంధరులో స్థిరపడి, ఆటవస్తువుల పరిశ్రమను పెంచారు. మల్బరీవంటి కట్టెను ఆవిరి పట్టి వంచి చట్రములు చేసే నేర్పు గొప్పదే. అయినను రెండు కట్టె చట్రములు అచ్చముగా ఒకే తీరుగా ఉండవు. గ్రాఫైటు చట్రము చెమ్మకు వంగదు, ఒక అచ్చులోనివి ఒకే తీరుగా ఉంటవి, తీగల లాగుడును చక్కగా ఓర్చుకొంటవి. తీగలు వదులు చేయించి, పిడికి గుడ్డపట్టీ మరొక పొర చుట్టి తూకము చేతివైపు జరిపిన తరువాత, ఆ ఆరు బ్యాట్లలో ఐదు మాకు ఎంతో నచ్చినవి. ఆరవదానిని నాయకుడు బిగువు తీగలతోనే ఉంచుకొన్నాడు. అది అతనికి తగినది. చెడ్డ బ్యాట్లు కొన్నామని మేము అనుకొన్నది కూడ పొరపాటే. మంచి బ్యాట్లే కొన్నాము. వాటిని ఎవరి చేతికని అడుగక కొన్నాము.

అన్నిటికన్న చేదైన పరీక్ష చివరిది. నెలలో ఆఖరి వారము ప్రతి ఆటలోను మేము పోగొట్టుకొన్న ప్రతి పాయింటుకు కారణము వ్రాసుకొన్నాము. బ్యాటు వలన, చేతి వలన, కాలి వలన, ఇద్దరి నడుమ ఎవరు కొట్టవలెనో తెలియక అని నాలుగు గడులు గీశాము. సగమునకు పైగా గురుతులు చివరి రెండు గడులలోనే పడినవి. బంతికి సకాలములో చేరలేకపోవుట, ఒకరినొకరు చూచుకొంటూ ఇద్దరూ వదలివేయుట, వీటికి ఏ బ్యాటూ మందు కాదు. బ్యాటు గడిలో గురుతులు లేకపోలేదు, కాని అవి కొద్ది. వాచనాలయము పంకాలను మేము అడిగి తెచ్చుకొన్నది ఆ కొద్ది గురుతుల కోసము.

ఈ సంవత్సరము పోటీలలో మేము మొదటి ఆట గెలిచి రెండవ ఆట ఓడిపోయాము. కనుక ఇది విజయగాథ కాదు. అయితే ఓడిన ఆట మూడు విడతలు సాగినది. ఆ మూడు విడతలలోను వెనుక వరుస ఎడమప్రక్క మా చిన్నవాడే ఆడినాడు. తిరుగు ప్రయాణములో మా మాటలన్నీ ముందు వరుసకు, నడుమ ఆటగానికి మధ్య ఉన్న సందును గురించి సాగినవి. బ్యాటు పేరు ఎవరూ ఎత్తలేదు. పి.డి. గారు కిటికీ ప్రక్కన నిద్రపోయినారు. నిద్ర నటించారేమో మేము చెప్పలేము.

కళాశాల సంఘమువారికి మా విన్నపము ఇది. రాబోయే సంవత్సరము మాకు క్రొత్త బ్యాట్లు అవసరము లేదు. ఏడాదికి రెండుసార్లు గట్టింగుకు, పిడి పట్టీలకు స్వల్పమైన మొత్తము ఇప్పించినట్లయితే ఉన్న బ్యాట్లు చాల కాలము వస్తవి. మొదట పంకాలు కొనవలెను. ఆ ఋణము మామీద ఉన్నది. మా తరువాత వచ్చే తమ్ముళ్ళకు ఒక మాట. ప్రతి బ్యాటు పిడి మీద దాని బరువు, తూకము నిలిచే చోటు, తీగల బిగువు, ఎవరి చేతికి తగినదో వ్రాసి చిన్న చీటీ అంటించి ఉంచాము; వివరములు నోటుపుస్తకములో ఉన్నవి, అది పి.డి. గారి బీరువాలో ఉన్నది. క్రొత్త బ్యాటు ఎప్పుడు కొనవలసి వచ్చినను జట్టులోని బలమైన చేతికి కాక, అందరికన్న చిన్న చేతికి ఇచ్చి, గంట ఆడించి, ఆ చేతిని అడిగి కొనండి. ఆ చేయి సరేనన్న తరువాత పెద్ద చేతులకు తగినట్లు మార్చుకొనుట సులభము. ముందుగా పెద్ద చేతికి కొని చిన్న చేతిని సర్దుకొమ్మనుట ఎంత కష్టమో మేము చూచినాము.

పాత కట్టె బ్యాట్లలో చీలిక లేనివి మూడు ఇంకా మా గదిలో ఉన్నవి. సాయంకాలము క్రొత్తగా ఆట నేర్చుకొనుటకు వచ్చేవారికి మొదట వాటినే ఇస్తున్నాము. పట్టీలు విప్పలేదు.